"లిల్లీబర్లేరో బులెన్ ఆ లా" – ఈ పల్లవికి అర్థం ఏమైనా ఉందా?

కృష్ణాతీరం:
గ్రూపులో పెద్దలకి నమస్తే, చిన్న డౌట్. మా చెల్లి ఎంఏ ఇంగ్లిష్ చదువుతోంది, దాని నోట్సులో 1688 నాటి బ్రాడ్‌సైడ్ బాలడ్ (వీధుల్లో అమ్మే అచ్చు కాగితం పాట) ఒకటి ఉంది, పల్లవి "లేరో లేరో లిల్లీబర్లేరో, బులెన్ ఆ లా" అట. ఈ ఒక్క పాటే ఇంగ్లండ్ రాజుని గద్దె దింపేసిందని కూడా రాశారు. డిక్షనరీలు అన్నీ తిరగేశా, దొరకట్లా. అసలు ఇది ఏ భాష?

పాతపుస్తకాలోడు:
ఐరిష్ మాటల్ని ఇంగ్లిష్ చెవితో విని, ఇంగ్లిష్ అక్షరాల్లో తోచినట్టు రాసేసిన సరుకు తమ్ముడూ ఇది. అర్థం గురించి మూడొందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారు, ఇప్పటికీ తేలలా. ఒక వాదం ఏంటంటే ఐరిష్‌లో "లిల్లీ స్పష్టంగా కనపడింది, ఇవాళ్టి రోజు మనదే" అనే వాక్యం ఇట్లా చెడిపోయిందని. ఆ లిల్లీ పువ్వు కాదు, విలియం లిల్లీ అనే లండన్ జ్యోతిష్కుడు, ఆయన జోస్యాల మీద విసురు అని ఇంకొందరు. 1641 ఐర్లండ్ తిరుగుబాటులో కాథలిక్కులు వాడుకున్న సంకేతపదాలు అని మరో మాట.

నన్నడిగితే ఈ మూడిట్లో ఏది నిజమైనా పెద్ద తేడా లేదు. లండన్ వీధిలో పాడుకున్నోడికి కూడా అర్థం తెలీదు కదా, వాడికి కావాల్సింది ఐరిష్ లాగా వినపడటం, అంతే. పల్లవి పని అదే, ఎగతాళి చెయ్యటం.

వేపచెట్టు:
ఎగతాళి ఎవర్ని అండీ? రాజునా, ఐరిష్ వాళ్లనా?

పాతపుస్తకాలోడు:
ఇద్దర్నీ మేడమ్. అప్పటి రాజు రెండో జేమ్స్, కాథలిక్. 1687లో రిచర్డ్ టాల్బట్ అనే ఇంకో కాథలిక్‌ని, టిర్కానెల్ ప్రభువు అంటారు, ఐర్లండ్‌కి లార్డ్ డిప్యూటీగా, అంటే అక్కడ రాజు తరఫున పాలించేవాడిగా వేశాడు. ఇంగ్లండ్‌లో ప్రొటెస్టంట్లు భగ్గుమన్నారు. పాట రాసింది థామస్ వార్టన్ అని చెప్తారు, ఈయన జేమ్స్‌కి పడని వర్గం. పాట ఎత్తుగడే ఒక ఐరిష్‌వాడు ఇంకోడితో అనే మాట, "ఓ టీగ్ తమ్ముడూ, ఉత్తర్వు విన్నావా, మనకి కొత్త డిప్యూటీ వస్తున్నాడంట" అని. టీగ్ అంటే టైగ్ అనే ఐరిష్ పేరు, ఇంగ్లిష్ వాళ్లు ప్రతి ఐరిష్‌వాడికీ అదే తగిలించేవాళ్లు. ఇక స్పెల్లింగులు చూడాలి, బ్రదర్ కాస్తా "బ్రోడర్", దట్ కాస్తా "డాట్", క్రైస్ట్ కాస్తా "క్రీష్". మన సినిమాల్లో చాలాకాలం కామెడీవాడికో రౌడీకో ఒక ప్రాంతం యాస అంటగట్టి నవ్వించారే, సరిగ్గా అదే టెక్నిక్, కాకపోతే ఇక్కడ దాని వెనక మత ద్వేషం, ఆక్రమణ రెండూ ఉన్నాయి. పోపు గారి నుంచి అనుమతి వస్తే మాగ్నా కార్టానీ (ఇంగ్లిష్ వాళ్ల పాత హక్కుల పత్రం) ఇంగ్లిష్ వాళ్లనీ కలిపి ఉరేస్తాం అని ఆ ఐరిష్‌వాడి నోటే అనిపిస్తాడు, అంటే వినేవాడికి నవ్వు రావాలి, లోపల భయమూ వెయ్యాలి.

ఇందులో నాకు బాగా నచ్చిన చోటు మాత్రం చివర్లో ఉంది. బురద నేలలో ఒక పాత జోస్యం దొరికిందట, ఒక గాడిదా ఒక కుక్కా మనల్ని ఏలతాయని. ఇప్పుడు ఆ జోస్యం నిజమైంది, టాల్బట్ కుక్క, జేమ్స్ గాడిద అంటాడు. టాల్బట్ అంటే నిజంగానే ఇంగ్లిష్‌లో ఒక వేటకుక్క జాతి పేరు! అంటే డిప్యూటీ గారి ఇంటిపేరులోనే తిట్టు రెడీగా ఉంది, కవి కొత్తగా కల్పించింది ఏమీ లేదు. మీ చెల్లి తెలుగు చెయ్యాలంటే పల్లవిని కదపక్కర్లేదు, ఈ కుక్క దగ్గర మాత్రం ఒక వివరణ పెట్టకపోతే లాభం లేదు.

కృష్ణాతీరం:
సూపర్ అన్నా. మరి రాజుని దింపేసిందన్న ముచ్చట?

పాతపుస్తకాలోడు:
వార్టన్ డబ్బా అది. మోసపోయిన రాజుని మూడు రాజ్యాల నుంచి పాటతో తరిమేశా అని చెప్పుకున్నాడంటారు. జేమ్స్ అల్లుడు, ప్రొటెస్టంట్ అయిన డచ్ యువరాజు విలియం 1688 నవంబర్ 5న ఇంగ్లండ్ తీరంలోని టార్‌బేలో సైన్యంతో దిగాడు, జాన్ చర్చిల్ లాంటి ఆఫీసర్లు జేమ్స్‌ని వదిలేసి అటు దూకారు, డిసెంబర్‌లో జేమ్స్ ఫ్రాన్స్‌కి పారిపోయాడు. పాట ఒక్కటే చేసిన పని కాదిది. అట్లా అని తీసిపారెయ్యలేం కూడా, విలియంతో పాటు వచ్చిన గిల్బర్ట్ బర్నెట్ తన చరిత్రలో రాశాడు, ఇదొక పిచ్చి పాట, కానీ జేమ్స్ సైన్యం మొత్తం, ఆ తర్వాత ఊళ్లూ పల్లెలూ ఆగకుండా పాడాయి, ఇంత అల్పమైన దానికి ఇంత ప్రభావం బహుశా ఎప్పుడూ లేదు అని. సైనికుడి నోట్లో రోజంతా తన రాజుని గాడిద అనే పాట ఆడుతుంటే వాడు ఎవరికోసం పోరాడతాడు చెప్పండి.

ఇంకోటి, ఇట్లాంటి పాటలు ఎట్లా పాకేవో కూడా చూడాలి. ఒకే పక్క అచ్చేసిన కాగితం, మామూలుగా ఒక పెన్నీ, అమ్మేవాడే వీధిలో నిలబడి పాడి అమ్మేవాడు, కొన్నవాళ్లు సారా కొట్టు గోడకి అంటించుకునేవాళ్లు. చదువురానోడు కూడా విని పట్టేసేవాడు ఎందుకంటే ఎక్కువగా స్వరాలు అచ్చెయ్యరు, పైన "ఫలానా పాట వరస" అని ఒక్క లైను ఉంటుంది, అంతే. ఆ లైనే సగం అర్థం చెప్పేస్తుంది. "ఫార్చ్యూన్ మై ఫో" వరస అని ఉందంటే ఉరికంబం ఎక్కినోడి పాట అయ్యుండొచ్చని జనానికి ముందే అనుమానం వస్తుంది. అట్లాగే లిల్లీబర్లేరో హిట్టయ్యాక దాని వరస మీద విలియం వైపు పాటలు బోలెడు వచ్చాయి.

వేపచెట్టు:
ఒక్క నిమిషం, లిల్లీబులెరో అని బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్యూన్ ఉండేది కదండీ? మా నాన్నగారు షార్ట్‌వేవ్‌లో వార్తలు పెడితే గంట కొట్టే ముందు వచ్చేది, మాకందరికీ ఆ ట్యూన్ నోటికొచ్చు.

పాతపుస్తకాలోడు:
అదే ఇది మేడమ్! మాటలు పోయి ట్యూన్ మిగిలింది. 1689లో అచ్చయిన ఒక కీబోర్డు పుస్తకంలో హెన్రీ పర్సెల్ అనే ఇంగ్లిష్ సంగీతకారుడి పేరుతో "కొత్త ఐరిష్ ట్యూన్" అని ఉంది, అందుకే ఆయనకి కట్టబెడతారు. వార్తల ముందు దశాబ్దాల పాటు లోకమంతా విన్నారు, కాథలిక్ ఐరిష్ వాళ్లకి మాత్రం అది వినసొంపుగా ఉండే అవకాశం తక్కువ, ఎందుకంటే విలియం గద్దె ఎక్కాక ఐర్లండ్‌లో జేమ్స్‌ని ఓడించిన బోయిన్ యుద్ధం 1690లో, ఆ తర్వాత కాథలిక్కుల మీద వరసగా చట్టాలు, భూములు పోవటం, ఇదంతా ఉంది.

కృష్ణాతీరం:
అసలు కాగితాలు ఇప్పుడు చూడొచ్చా? పెన్నీ కాగితం ఇన్నాళ్లు ఉంటుందా?

పాతపుస్తకాలోడు:
చాలావరకు పోయాయి, ఉన్నవి పిచ్చిపట్టి దాచినవాళ్ల పుణ్యం. శామ్యూల్ పెపిస్ 1,700 పైనే దాచాడు, ఇప్పుడు కేంబ్రిడ్జ్ మోడ్లిన్ కాలేజీలో ఉన్నాయి. తమాషా ఏంటంటే పెపిస్ ఈ జేమ్స్ దగ్గరే నౌకాదళం సెక్రటరీ, జేమ్స్ పోయాక 1689లో ఉద్యోగం వదులుకున్నాడు, అయినా ఈ వరస మీద వచ్చిన కాగితాలు కూడా ఆయన కలెక్షన్‌లో చేరాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా వాళ్లు ఇట్లాంటివన్నీ స్కాన్ చేసి ఫ్రీగా ఆన్‌లైన్‌లో పెట్టారు, బొమ్మ, అక్షరాలు, చాలావాటికి పాడిన ఆడియో కూడా. ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బాలడ్ ఆర్కైవ్ అని కొట్టండి. పాత అచ్చు అక్షరాలు కళ్లకి గుచ్చుకుంటాయి, చెల్లిని పక్కనే ఇచ్చిన మామూలు టైపు చదువుకోమను.