అప్‌డేట్: తమ్ముడు పోయాక అమ్మకు, మరదలికి ఎక్కడ సాయం దొరుకుతుందని అడిగాను

మా తమ్ముడు ఆత్మహత్యతో మరణించిన తరువాత అమ్మ, మరదలు ఎవరితో మాట్లాడితే మేలని అడిగాను. 14416కు ఫోన్ చేయమని మీలో పలువురు చెప్పారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదట నేనే చేశాను. మాట్లాడిన కౌన్సెలర్ తొందరపెట్టలేదు, తమ్ముడు ఎందుకలా చేశాడని గుచ్చి గుచ్చి అడగలేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టినది మరదలు "నేను మాత్రం ఉండి ఏం లాభం" అనడం. అలాంటప్పుడు చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని మెత్తగా, సూటిగానే అడగవచ్చని, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, అవునంటే ఒంటరిగా వదలకుండా వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలని కౌన్సెలర్ చెప్పారు. అడిగాను. చాలాసేపు ఏడ్చి, అవునంది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చికిత్స జరుగుతోంది. పోలీసు కేసవుతుందని పెదనాన్న అడ్డుపడ్డారు (ఆయన అసలు భయం పరువు గురించేనని నా అనుమానం). ఆలోచన వచ్చిందని చెప్పుకోవడం నేరమే కాదని, ప్రయత్నించినవారిని సైతం, వేరేగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోందని చూపించాక ఊరుకున్నారు.

అమ్మ మాత్రం ఫోనులో మాట్లాడనంటోంది. ఇలాగే బిడ్డను పోగొట్టుకున్నవారు కలిసి కూర్చొని మాట్లాడుకునే బృందమేదైనా హైదరాబాదులో ఉంటే తెలియజేయండి. అమ్మను ఒప్పించి తీసుకెళ్లే పూచీ నాది.