ఊళ్ళో అరడజను మంది మునిస్వామి నాయుళ్ళు: మా ముత్తాతను పట్టుకోవడం ఎలా?

పాకాల_మనవడు

అందరికీ నమస్తే. మా వంశవృక్షం ముత్తాత దగ్గర ఆగిపోయింది. ఆయన మునిస్వామి నాయుడు, తండ్రి చెంగల్రాయులు నాయుడు. పాత చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా. ఇంటిపేరు ఏ కాగితంలోనూ లేదు, పేరు ముందు 'కె' అనే ఇనిషియల్ ఒక్కటే ఉంది. ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో పేరు కొడితే ఆ ఒక్క ఊళ్ళోనే మునిస్వామి నాయుళ్ళు అరడజను మంది వస్తున్నారు. చేతిలో ఉన్నది తాత, ఆయన అన్నదమ్ములు 1958లో రాసుకున్న భాగపరిష్కార (ఆస్తి పంపకం) దస్తావేజు నకలు. ముత్తాత తమ్ముడొకాయన నాటాలు (దక్షిణాఫ్రికాలోని నాటాల్) పోయాడని ఇంట్లో అంటారు. వేరేవాళ్ళ తాతను మా చెట్టుకు అంటగట్టకుండా వెనక్కి పోయే దారి చెప్పండి.

రికార్డు_రూము

ముందు పేరుతో వెతకడం ఆపండి. 'నాయుడు' కమ్మవారిలోనూ ఉంది, బలిజల్లోనూ ఉంది, దాన్ని బట్టి కుటుంబం తేలదు. ఇనిషియల్ సంగతీ అంతే. మన జిల్లాలో అరవ అలవాటున తండ్రి పేరు పెట్టుకున్నవాళ్ళు, ఊరి పేరు పెట్టుకున్నవాళ్ళు, ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళు ఒకే వీధిలో ఉంటారు. మీకు ఒకటి మాత్రం తేలుతోంది: తండ్రి చెంగల్రాయులు కాబట్టి 'కె' తండ్రి పేరు కాదు. ఊరో, ఇంటిపేరో అయ్యుండాలి.

మీకు పట్టు దొరికేది భూమి దగ్గర. 1958 దస్తావేజులో షెడ్యూలు (ఆస్తుల జాబితా) తీసి ప్రతి సర్వే నంబరూ సబ్‌డివిజన్‌తో సహా ఒక కాగితం మీద రాసుకోండి. 112/1ఎ, 112/1బి, 112/1సి అని వరసగా కనిపిస్తే అక్కడ ఒక పంపకం జరిగిందని అర్థం. పక్క అక్షరం పట్టాదారు చాలాసార్లు దాయాదే అవుతాడు. మీభూమిలో కూడా సర్వే నంబరుతోనే అడంగల్ (ఏ చేను ఎవరి సాగులో ఉందో చూపే లెక్క), 1బి (పట్టాదారు భూముల జాబితా) చూడండి. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయి ఉంటే పాత నంబర్ల బదులు ఎల్‌పీఎం (కొత్త ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వస్తాయి. అప్పుడు పాత నంబరుకు ఏ ఎల్‌పీఎం వచ్చిందో చూపే పట్టిక గ్రామ సచివాలయంలో సర్వేయర్ దగ్గర అడగాలి. ఇది చూసుకోకుండా పాత నంబరే కొట్టి, భూమే లేదనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది.

ఆ నంబర్లు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ అనే బ్రిటిష్ కాలపు సర్వే, శిస్తు రిజిస్టరు నకలు అడగండి. అక్కడ లేదంటే కలెక్టరేట్ రికార్డు రూము. నోటిమాటగా అడిగితే "లేదు" అనడం తేలిక. సమాచార హక్కు దరఖాస్తు పెడితే రాతపూర్వకంగా జవాబు రావాలి. మన రాష్ట్రంలో రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. ఆర్‌ఎస్‌ఆర్‌లో సర్వే నంబరు, దాని పాత నంబరు, మెట్టా మాగాణా, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. తండ్రి పేరు సాధారణంగా ఉండదు. అందుకే పేరు పక్కనున్న పట్టా నంబరు ముఖ్యం: ఒకే పట్టా నంబరు కింద ఉన్న భూములన్నీ ఏరితే ఆ మనిషి ఆస్తి మొత్తం తెలుస్తుంది. ఆ భూమి చెక్కలు మీ 1958 షెడ్యూలుతో కలిస్తే ఆయన మీవాడు.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట. మీది కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి, కంగుంది జమీల కింది ఊరైతే ఈ రికార్డు అంత వెనక్కి పోదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడ నేరుగా రైతు పేరున శిస్తు కట్టే రైత్వారీ సెటిల్‌మెంట్ జరిగింది.

చెక్కుబందీ

పైన అన్న చెప్పింది సరే. కానీ ఆర్‌ఎస్‌ఆర్‌కు ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి, ఎందుకంటే తండ్రి పేరు దొరికేది దస్తావేజులోనే. "చంద్రగిరి తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, సేద్యము, కీ.శే. చెంగల్రాయులు నాయుడు కుమారుడు మునిస్వామి నాయుడు" అని మొదటి వాక్యంలోనే మనిషి తేలిపోతాడు.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే. అంతకు ముందుది చేతిరాత ఇండెక్సుల్లో వెతికించాలి. ఇండెక్స్ 1 పేర్ల వారీగా ఉంటుంది, ఇండెక్స్ 2 ఆస్తి వారీగా. మీలాంటి పేరుకు ఇండెక్స్ 1 పెట్టుకుంటే మునిస్వాముల్లో మునిగిపోతారు. దరఖాస్తులో ఊరు, సర్వే నంబరు రాసి ఇండెక్స్ 2 అడగండి. స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకాన్ని, దాని ఇండెక్సుల్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకం అలా కాదు. సబ్‌రిజిస్ట్రార్ పరిధులు మారుతూ వచ్చాయి, కాబట్టి మీ ఊరు అప్పట్లో ఏ ఆఫీసు కింద ఉండేదో మొదట కనుక్కోండి.

నకలు చేతికొచ్చాక చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దులు) చదవండి. "తూర్పు: గోవిందస్వామి నాయుడు చేను, పడమర: వంక, దక్షిణం: మా అన్న వెంకటేశులు నాయుడు భాగం, ఉత్తరం: బండిబాట" అని ఉందనుకోండి. ఆ ఒక్క దక్షిణం హద్దుతో మీకు ఇంకో అన్నదమ్ముడు దొరికాడు. మునిస్వాములు ఎందరైనా ఉండొచ్చు, కానీ వెంకటేశులు అన్నగా, గోవిందస్వామి తూర్పు హద్దుగా ఉన్న మునిస్వామి ఒక్కడే ఉంటాడు. సాక్షుల పేర్లూ రాసుకోండి, బావమరుదులు, వియ్యంకులు అక్కడ తగులుతారు.

ఇండెక్సులో ఏమీ రాకపోతే కంగారు పడొద్దు. 100 రూపాయల లోపు క్రయాలకు అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ కాలపు ధరలకు చిన్న చెక్కలు ఎన్నో అలాగే చేతులు మారాయి. నోటిమాట పంపకాలు సరేసరి.

పాకాల_మనవడు

చాలా థ్యాంక్స్ అన్నా. ఒకవేళ ఒకే కాలంలో ఇద్దరు మునిస్వాములు, ఇద్దరికీ తండ్రి చెంగల్రాయులే అని వస్తే?

తిరుచానూరు_సుధ

అది వచ్చే అవకాశం బాగానే ఉంది తమ్ముడూ. పెద్దకొడుక్కి నాయనతాత పేరు పెట్టే ఆచారం వల్ల చెంగల్రాయులు, మునిస్వామి, మళ్ళీ చెంగల్రాయులు, మళ్ళీ మునిస్వామి అని తరాలు తిరుగుతాయి. ఇద్దరు అన్నదమ్ములు తమ పెద్దకొడుకులకు ఒకే పేరు పెడితే, ఆ ఊళ్ళో ఒకే ఈడు మునిస్వాములు ఇద్దరుంటారు. ఇక్కడే తాతను, మనవణ్ణి ఒక్కరిగా కలిపేసే పొరపాటూ జరుగుతుంది. వయసు మీద ఆధారపడొద్దు, దస్తావేజుల్లో "సుమారు 40" అని గుండుసున్నకు సర్దేస్తారు.

ఆడవాళ్ళ పేర్లతో విడదీయండి. ఇద్దరు మునిస్వాముల భార్యలకూ ఒకే పేరు ఉండటం అరుదు. భర్త పోయాక భార్య మైనరు పిల్లల తరఫున రాసిన దస్తావేజులు, కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి కాగితాలు ప్రత్యేకంగా వెతికించండి. వాటిలో తల్లి, కూతురు, అల్లుడి ఊరు మూడూ వస్తాయి.

ఊళ్ళో పెద్దవాళ్ళను "మా వంశం ఏది" అని అడక్కండి, సమాధానం గాల్లో ఉంటుంది. "మా ఇంట్లో ఎవరైనా పోతే పది రోజుల మైల ఎవరెవరికి? ఇలవేల్పుకు పొంగలి పెట్టేటప్పుడు మాతో కలిసేది ఎవరు?" అని అడగండి. మైల ఉన్నవాళ్ళు దాయాదులు. ఇంటిపేరు మరిచిపోయిన కుటుంబాల్లో కూడా ఈ లెక్క పోదు. మీ 'కె' ఏమిటో కూడా అక్కడే తెలియొచ్చు.

మరణ రిజిస్టరు కూడా వదలొద్దు. 1899 మద్రాసు చట్టం కింద ఊళ్ళలో జనన మరణాలు గ్రామాధికారులే రాసేవాళ్ళు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక, ఆ వెంటనే మండలాలు వచ్చాక చాలా రిజిస్టర్లు చెల్లాచెదురయ్యాయి. జనన రిజిస్టరులో పిల్లవాడి పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, బిడ్డ పుట్టిన రోజుల్లోనే రాసేవాళ్ళు కాబట్టి. తండ్రి పేరు మీద చూడాలి.

రికార్డు_రూము

నాటాలు సంగతి. ఆ ఒప్పంద కూలీల వలస 1860లో మొదలై 1911లో ఆగిపోయింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంటే ఓడ ప్రయాణికుల జాబితాల్లో "చిత్తూరు జిల్లా" అని వెతికితే ఏమీ రాదు. చంద్రగిరి, చిత్తూరు తాలూకాలు అప్పుడు ఉత్తర ఆర్కాడు జిల్లావి, మదనపల్లె వైపువాళ్ళు కడప జిల్లా కింద వస్తారు. జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. మనిషికి ఒకే పేరు రాసేవాళ్ళు, 'నాయుడు' కులం గడిలో ఉండొచ్చు. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసినవి, కాబట్టి తాలూకా, తండ్రి పేరు కలిపి వెతకండి. 1911కు ముందటి జిల్లా రెవెన్యూ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా ఉత్తర ఆర్కాడు పేరు మీదే అడగాలి.

మీ వాళ్ళకు ఏదైనా గ్రామసేవ ఇనాం (ఊరి పనికి బదులు ఇచ్చిన మాన్యం) ఉండేదేమో కూడా కనుక్కోండి. ఉంటే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. మొదట ఇనాం పొందినవాడు, అప్పటి అనుభవదారు, ఆయన వయసు, ఇద్దరికీ ఉన్న చుట్టరికం అందులో దొరుకుతాయి.