ఈస్ట్‌లో స్నో ఆర్‌ఎన్‌ఏ జన్యువులను చదివేది పాల్-2నా, పాల్-3నా? చేసి చూసినవాళ్లు చెప్పండి

కిణ్వం:
అందరికీ నమస్తే. సాకరోమైసిస్ సెరివిసియే (మామూలు బ్రెడ్ ఈస్ట్) మీద ప్రాజెక్టు చేస్తున్నాను. పాల్-2, పాల్-3 అంటే డీఎన్‌ఏని చదివి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైములు; స్నో ఆర్‌ఎన్‌ఏలంటే రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీకి సాయపడే చిన్న ఆర్‌ఎన్‌ఏలు. ఆర్‌పీబీ1-1 స్ట్రెయిన్‌ని (37 డిగ్రీల దగ్గర పాల్-2 ఆగిపోయే మ్యూటెంట్) గంటసేపు వేడిలో ఉంచి ఆర్‌ఎన్‌ఏ తీసి నార్తర్న్ బ్లాట్ (ఆర్‌ఎన్‌ఏని బ్యాండ్లుగా చూపే పరీక్ష) చేశాను. ఎంఎఫ్‌ఏ2 ఎంఆర్‌ఎన్‌ఏ దాదాపు మాయం. కానీ యూ14, ఎస్‌ఎన్‌ఆర్52 అనే స్నో ఆర్‌ఎన్‌ఏల బ్యాండ్లు రెండూ చెక్కుచెదరలేదు. అంటే ఈ రెండు జన్యువులనీ పాల్-3 చదువుతోందనుకోవచ్చా? స్నో ఆర్‌ఎన్‌ఏలు పాల్-2వే అని చదువుకున్నాం మరి. వచ్చే వారం ల్యాబ్ మీటింగ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్:
ఆ బ్లాట్‌ని బట్టి ఏ పాలిమరేజో చెప్పలేరండీ. స్నో ఆర్‌ఎన్‌ఏలు ప్రోటీన్లతో కట్టుబడి చాలాసేపు నిలుస్తాయి. మోటారు ఆపగానే ట్యాంకులో నీళ్లు తగ్గవు కదా, ఇదీ అంతే. ఎంఎఫ్‌ఏ2 ఆయుష్షు కొన్ని నిమిషాలే కాబట్టి అది వెంటనే పోయింది. కొత్తగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏని మాత్రమే చూడాలి. 4-థయోయురాసిల్ కాసేపు ఇచ్చి, దాన్ని కలుపుకున్న ఆర్‌ఎన్‌ఏని వేరుచేసి చూస్తే తేడా తెలుస్తుంది. అన్నట్టు, వైల్డ్ టైప్‌ని (మ్యుటేషన్ లేని మామూలు స్ట్రెయిన్‌ని) కూడా అదే వేడిలో పెట్టారా?

కిణ్వం:
పెట్టానండీ. అందులో ఎంఎఫ్‌ఏ2 మామూలుగానే ఉంది.

బాక్స్‌బి:
రాత్రిషిఫ్ట్ గారు చెప్పింది సరైనదే. మీ రెండు బ్యాండ్ల వెనక మాత్రం రెండు వేర్వేరు కథలున్నాయి.

జీనోమ్ మొత్తంలో పాల్-3 ఎక్కడెక్కడ కూర్చుంటుందో చిప్ పద్ధతిలో (ఒక ప్రోటీన్ పట్టుకుని ఉన్న డీఎన్‌ఏ ముక్కలను వేరుచేసి చూడటం) వెతికిన పరిశోధనలు 2003, 2004లో వచ్చాయి. దాదాపు 275 టీఆర్‌ఎన్‌ఏ జన్యువులు, 5ఎస్, యూ6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏని ఇచ్చే ఎస్‌ఎన్‌ఆర్6, ఆర్‌ఎన్‌ఏజ్-పీకి ఆర్‌ఎన్‌ఏ ఇచ్చే ఆర్‌పీఆర్1, ఎస్‌సీఆర్1, ఇవన్నీ అనుకున్నట్టే దొరికాయి. స్నో ఆర్‌ఎన్‌ఏల్లో మాత్రం ఒక్కటే తేలింది: మీ ఎస్‌ఎన్‌ఆర్52. మిగతా డెబ్బైకి పైగా స్నోలు పాల్-2వే, యూ14తో సహా. యూ14 అయితే ఒంటరిగా కూడా పుట్టదు. ఎస్‌ఎన్‌ఆర్190తో కలిసి ఒకే పొడుగాటి ఆర్‌ఎన్‌ఏగా వస్తే, ఆర్‌ఎన్‌టీ1 ఎంజైము మధ్యలో కోస్తుంది.

ఎ-బాక్స్, బి-బాక్స్ (పాల్-3ని రప్పించే డీఎన్‌ఏ గుర్తులు) ఎక్కడున్నాయో చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. టీఆర్‌ఎన్‌ఏల్లో ఈ రెండూ జన్యువు లోపలే ఉంటాయి. వాటిని టీఎఫ్-3సీ అనే ప్రోటీన్ల గుంపు పట్టుకుని టీఎఫ్-3బీని పిలుచుకొస్తుంది, అది పాల్-3ని కూర్చోబెడుతుంది. ఎస్‌ఎన్‌ఆర్52లో, ఆర్‌పీఆర్1లో ఆ బాక్సులు ముందుండే లీడర్ భాగంలో ఉంటాయి. లీడర్ కూడా ఆర్‌ఎన్‌ఏగా వస్తుంది, తర్వాత దాన్ని కత్తిరించేస్తారు. అందుకే చివరికి మిగిలిన ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్‌లో ఎంత వెతికినా బాక్సులు కనపడవు.

ఎస్‌ఎన్‌ఆర్6 ఇంకా విడ్డూరం. ఎ-బాక్స్ లోపల, బి-బాక్స్ టెర్మినేటర్ (జన్యువును చదవడం ఆగే చోటు) కూడా దాటి వందకు పైగా బేస్‌ల అవతల. టెస్ట్ ట్యూబులో టాటా బాక్స్, టీఎఫ్-3బీ ఉంటే చాలు, యూ6 తయారవుతుంది. కణంలో మాత్రం డీఎన్‌ఏ న్యూక్లియోసోముల్లో చుట్టుకుని ఉంటుంది కాబట్టి బి-బాక్స్, టీఎఫ్-3సీ తప్పనిసరి. క్లోన్ చేసేటప్పుడు టెర్మినేటర్ దగ్గరే కోసేశారంటే ఆ ప్లాస్మిడ్ నుంచి యూ6 రాదు. మనిషి యూ6 ప్రమోటర్ (చదవడం మొదలుపెట్టించే డీఎన్‌ఏ భాగం) బొమ్మ గీసి ఈస్ట్‌కి అంటగట్టే క్లాస్ నోట్స్ చూస్తే నాకు చిరాకు. మనిషిలో ఆ ప్రమోటర్ మొత్తం జన్యువు ముందే ఉంటుంది, దాన్ని పట్టుకునే స్నాప్-సీ ఈస్ట్‌లో లేనే లేదు.

కత్తెర:
మేం ఎస్‌ఎన్‌ఆర్52ని స్నో కోసం ఎప్పుడూ చూడలేదు, క్రిస్పర్ (జన్యువులను కోసి మార్చే పద్ధతి) కోసమే వాడతాం :) 2013 నుంచి ఈస్ట్‌లో గైడ్ ఆర్‌ఎన్‌ఏకి ఈ ప్రమోటర్, వెనక ఎస్‌యూపీ4 టెర్మినేటర్ బాగా వాడుకలో ఉన్నాయి. లీడర్‌లోనే బాక్సులు ఉండటం మనకు కలిసొచ్చింది, గైడ్ సీక్వెన్స్‌ని ముట్టుకోనక్కర్లేదు. చూసుకోవాల్సింది టి‌ల వరస. ఆరేడు టి‌లు వరసగా వస్తే పాల్-3 అక్కడే ఆగిపోతుంది. నాలుగైదు ఉన్నా ఆ గైడ్‌ని నేను పక్కన పెట్టేస్తాను, వాదన అనవసరం.

కొత్తకాలనీ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. వీటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఎందుకు లేవు?

కత్తెర:
వాటికి కావాల్సిన డైసర్, ఆర్గొనాట్ ప్రోటీన్లు రెండూ సెరివిసియేలో లేవు తమ్ముడూ. సైజోసాకరోమైసిస్ పాంబే అనే ఇంకో ఈస్ట్‌లో ఉన్నాయి. అక్కడ కూడా పని ఎక్కువగా హెటెరోక్రొమాటిన్ (గట్టిగా ముడుచుకున్న డీఎన్‌ఏ) దగ్గరే.

తోకలేనిది:
పాల్-2 స్నోల గురించి ఒక హెచ్చరిక. ఒంటరి జన్యువుల నుంచి వచ్చేవాటి చివర ఎంఆర్‌ఎన్‌ఏలా తెగదు. ఎన్‌ఆర్‌డీ1, ఎన్‌ఏబీ3, సెన్1 అనే ప్రోటీన్లు కలిసి ట్రాన్స్‌క్రిప్షన్‌ని ఆపితే, ఎక్సోసోమ్ (ఆర్‌ఎన్‌ఏని కొరికే ఎంజైముల గుంపు) చివరను నమిలి సైజుకు తెస్తుంది. పూర్తయిన స్నోకి పాలీ-ఏ తోక ఉండదు. అందుకే ఆ తోకను పట్టుకునే ఓలిగో-డీటీతో చేసిన సీక్వెన్సింగ్ లైబ్రరీలో ఇవి సరిగ్గా కనపడవు. ఎక్సోసోమ్‌లోని ఆర్‌ఆర్‌పీ6 తీసేసిన స్ట్రెయిన్‌లో అదే కిట్ వాడితే రీడ్స్ గుంపుగా వచ్చిపడతాయి. చూసి "స్నో జన్యువులు ఎక్కువ పనిచేస్తున్నాయి" అని రాసేస్తారు. అక్కడ పెరిగింది తోక మిగిలిపోయిన రూపాలు, ట్రాన్స్‌క్రిప్షన్ కాదు.

కిణ్వం:
చాలా థాంక్స్ అందరికీ. అయితే చిప్ చేస్తాను. పక్క ల్యాబ్‌లో టీఎఫ్-3సీకి ట్యాగ్ (చిప్‌లో పట్టుకోడానికి తగిలించిన గుర్తు) ఉన్న స్ట్రెయిన్ ఉందట, అది సరిపోతుందా?

బాక్స్‌బి:
వద్దు. టీఎఫ్-3సీ ఉండి పాల్-3 లేని చోట్లు కూడా జీనోమ్‌లో కొన్ని ఉన్నాయి, ఈటీసీ సైట్లంటారు. పాలిమరేజ్‌కే ట్యాగ్ ఉండాలి, పెద్ద సబ్‌యూనిట్ ఆర్‌పీసీ160 అయితే మంచిది. పక్కనే పాల్-2 ఆర్‌పీబీ1 చిప్ కూడా పెట్టండి, యూ14 దగ్గర అదే కనపడాలి.

రాత్రిషిఫ్ట్:
కల్చర్‌ని బాగా పెరుగుతున్న దశలోనే ఫిక్స్ చేయండి. పోషకాలు అయిపోతే ఎంఏఎఫ్1 అనే ప్రోటీన్ వచ్చి పాల్-3ని అణచేస్తుంది, సిగ్నల్ పడిపోతుంది.

కిణ్వం:
ఎస్‌ఎన్‌ఆర్52కి ప్రైమర్లు (పీసీఆర్‌లో చూడాల్సిన చోటును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) లీడర్‌లో పెట్టాలా, జన్యువులోనా?

బాక్స్‌బి:
చిప్ ముక్కలే కొన్ని వందల బేస్‌లు ఉంటాయి కదా, ఆ కాస్త తేడా మీకు కనపడదు. ఎక్కడైనా పెట్టండి. కానీ నెగటివ్ కంట్రోల్‌గా తీసుకునే చోటు దగ్గర్లో టీఆర్‌ఎన్‌ఏ జన్యువు లేకుండా చూసుకోండి, దాని సిగ్నల్ పక్కకి పాకుతుంది.