గాలీచాలో ఆ ‘చా’ ఏం చేస్తోంది?

నిన్న మావయ్య టెంట్‌హౌస్ అబ్బాయితో ఫోన్లో, “పెద్ద గాలీచా కావాలి బాబూ, 20 అడుగులది” అంటుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. ఫార్సీలో తివాచీని ‘కాలీ’ అంటారు. దానికి ‘చె’ తగిలిస్తే చిన్నదని అర్థం, కాలీచె. అదే మన గాలీచా. అంటే ఆయన అడిగింది పెద్ద చిన్న తివాచీ!

బాగ్‌కి (తోట) అదే తోక తగిలిస్తే బాగీచా. దేగ్‌కి (వంటపాత్ర) తగిలిస్తే మన డేగిసా. పెళ్లి వంటల దగ్గర డేగిసాలో మనిషి కూర్చోవచ్చు, అది వేరే సంగతి.

ఇరాన్‌లో మాత్రం కాలీకీ కాలీచెకీ తేడా ఇంకా పోలేదు. చిన్నవాటికి మళ్లీ విడి పేర్లు. ‘జరోనీమ్’ అంటే జరున్నర. జర్ అంటే మీటరు పైచిలుకు. అంతకన్నా చిన్నది ‘పుష్తీ’, వీపు ఆనించుకునే దిండంత. పుష్త్ అంటే వీపు, మన పృష్ఠానికి దగ్గరి చుట్టం.

• మరి ‘కాలీ’ ఎక్కడిదండీ?

13వ శతాబ్దంలో అరబ్బీలో రాసిన భూగోళకారుడు యాకూత్ దాన్ని కాలీకలా అనే ఊరికి ముడిపెట్టాడు. అది ఇప్పటి తుర్కియేలోని ఎర్జురుమ్.

• ఫార్సీ ముడి ఉంటేనే అసలైన ఇరాన్ తివాచీ అంటారు, నిజమేనా మాస్టారూ?

కాదండీ. ముడి పడేది రెండు పడుగు పోగుల మీద. ఉన్ని రెండింటినీ చుట్టుకుంటే తుర్కీ ముడి. ఒకదాన్ని చుట్టి, రెండోదాని వెనక నుంచి ఊరికే జారి వస్తే ఫార్సీ ముడి. ఇరాన్‌లోనే ఉన్న తబ్రీజ్‌లో ఎక్కువగా వేసేది తుర్కీ ముడే. ఇంకో తమాషా, ఫార్సీ ముడికి వ్యాపారులు పెట్టిన పేరు ‘సెన్నె’. అది పశ్చిమ ఇరాన్‌లోని సనందజ్ అనే ఊరి పాత పేరు. తీరా అక్కడివాళ్లు వేసేది తుర్కీ ముడి!

• తివాచీ మీద పేరు నేసుకున్నవాళ్లు ఉన్నారా?

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని అర్దబీల్ తివాచీ చూడండి. ఒక చివర చిన్న గడిలో ఫార్సీ కవి హాఫిజ్ ద్విపద, దాని కింద ‘బందె-ఎ-దర్గాహ్ మక్సూద్ కాషానీ’, హిజ్రీ 946 (1539–40). దర్గా అనగానే మనకు సమాధి గుర్తొస్తుంది కానీ, ఫార్సీలో ఆ మాటకు గడప, వాకిలి, రాజుగారి కొలువు అనే అర్థాలున్నాయి. కొలువు బంటు మక్సూద్ అన్నమాట. ఆ తివాచీ పొడవు దాదాపు 10.5 మీటర్లు. దాన్ని గాలీచా అనడానికి నాకైతే నోరు రాదు.