స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతోంది, కెపాసిటర్ ఎంతది పెట్టాలి?

తిరుపతిలో మూడంతస్తుల ఇల్లు, మెట్లకు టూ-వే స్విచ్‌లు (ఒకే బల్బును రెండు చోట్ల నుంచి వేసి ఆపేవి). ఆపేసినా 9 వాట్ల ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూనే ఉంది. స్విచ్ ఫేజ్‌నే తెంచుతోంది, ఇండికేటర్ లైటు లేదు, మెగ్గర్‌తో చూస్తే ఇన్సులేషన్ బాగుంది. హోల్డర్‌లో మల్టీమీటర్ 70 వోల్టులు చూపిస్తోంది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడితే దాదాపు సున్నా. కాబట్టి ఒకే పైపులో 20 మీటర్లు పక్కపక్కనే నడిచిన తీగల మధ్య కెపాసిటెన్సే (తాకకపోయినా పక్క తీగ నుంచి కాస్త కరెంటు చేరడమే) కారణం.

ఆ కాస్త కరెంటును దారి మళ్ళించడానికి బల్బుకు సమాంతరంగా 33 కిలో ఓముల రెసిస్టర్ పెడితే వెలిగినంతసేపూ 1.6 వాట్లు వేడికే పోతాయి, నాకది ఇష్టం లేదు. 275 వోల్టుల ఎక్స్2 (మెయిన్స్ కరెంటుకు నేరుగా పెట్టే సురక్షిత రకం) కెపాసిటరే మేలు (మామూలు సిరామిక్‌ది మాత్రం చెప్పొద్దు, షార్టయితే ప్రమాదం). 0.047 మైక్రోఫారడ్ చాలుతుందా, 0.1 కావాలా? స్విచ్ కాంటాక్టులు మాడకుండా కెపాసిటర్‌కు సిరీస్‌లో 100 ఓముల రెసిస్టర్ తప్పనిసరా? పెట్టి చూసినవాళ్ళు చెప్పండన్నా.