41 ఏళ్లకు మొదటి బండి: ఒంగోలు నుంచి చీమకుర్తి పోయిరావడానికి ఏది కొనాలి?

గ్రానైట్ గుమస్తా

నవ్వాలనుకునేవాళ్లు ముందే నవ్వేసుకోండి, తర్వాత విషయంలోకి వద్దాం. నాకు 41 ఏళ్లు. బండి నడపడం రాదు. సైకిల్ వచ్చు, అదీ పదో తరగతితో ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ అవసరం పడలేదు. ఇల్లు ఒంగోలు లాయర్‌పేటలో. ఊళ్లోనే ఒక కొట్లో లెక్కలు రాసేవాణ్ని, నడిచే పోయేవాణ్ని. దూరం వెళ్లాలంటే బావమరిది వెనకాల కూర్చునేవాణ్ని. పోయిన ఏడాది చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ పని దొరికింది. జీతం బాగుంది. దూరమే బాగాలేదు. పోను 19 కిలోమీటర్లు, రాను 19.

పొద్దున ఇబ్బంది లేదు. కర్నూలు రోడ్డులో నిలబడితే పొదిలి వైపు పోయే బస్సు ఏదో ఒకటి వస్తుంది. సాయంత్రమే గోల. నెలకు రెండుసార్లు, 11కి ఒకటి, 20కి ఒకటి, జీఎస్టీ రిటర్నులు వేయాలి. ఆ రోజుల్లో ఆఫీసులోనే ఎనిమిది దాటుతుంది. ఫ్యాక్టరీ మెయిన్ రోడ్డుకు కిలోమీటరున్నర లోపల. చీకట్లో ఆ మట్టిరోడ్డు నడిచొచ్చి ఆటో కోసం ఎదురుచూడాలి. మొన్న 20వ తేదీ వానలో గంటంపావు నిలబడ్డాను. చివరికి గ్రానైట్ బ్లాకులు మోసే లారీ డ్రైవర్ ఒకాయన జాలిపడి ఎక్కించుకున్నాడు. క్యాబిన్‌లోంచి కిందకు చూస్తే పక్కన పోయే బైకులు చీమల్లా ఉన్నాయి. బండి కొని తీరాలని, చచ్చినా కొనకూడదని, రెండూ ఆ ఒక్క రాత్రే అనిపించాయి.

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. చేతిలో 60 వేలున్నాయి, హెల్మెట్ కూడా అందులోనే. చీటీ పాడితే 80 అవుతుంది కానీ అప్పుచేసి కొనే ఉద్దేశం లేదు. బావమరిదేమో "కొంటే 150 సీసీ కొను బావా, లారీని దాటాలంటే పికప్ ఉండాలి" అంటాడు. మా ఆవిడ స్కూటీ తీసుకోమంటుంది, తనూ నేర్చుకుంటుందట. ఆఫీసులో అందరిదీ ఒకటే మంత్రం, స్ప్లెండర్. ధైర్యం చేసి ఒక పాత బళ్ల కొట్టుకు కూడా వెళ్లాను. "ఒక రౌండు వేసి రండి సార్" అని తాళం చేతిలో పెట్టాడు. నాకు స్టార్ట్ చేయడమే రాదాయె. ఫోన్ వచ్చినట్టు నటించి బయటపడ్డాను.

గేర్ల బండా, స్కూటరా? కొత్తదా, పాతదా? ఈ వయసులో నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ ప్లాట్‌ఫారం

కళ్లు మూసుకుని స్ప్లెండర్ తీసుకో అన్నా. మా నాయన 2009లో కొన్నది ఇప్పటికీ ఒక్క కిక్కుకే లేస్తుంది. టాపిక్ క్లోజ్.

కావలి స్పానర్

కళ్లు మూసుకుని కొన్నవాళ్లే మా షెడ్డుకొచ్చి కళ్లు తెరుస్తారు తమ్ముడూ. స్ప్లెండర్ మంచి బండే, కాదన్ను. కానీ ఏ స్ప్లెండర్, ఎవరు వాడింది, కాగితాలెట్టా ఉన్నాయన్నది చూడకుండా పేరు చూసి కొనకూడదు.

గుమస్తా గారూ, 22 ఏళ్లుగా బళ్లు విప్పి బిగిస్తున్నాను. మీరు బండి గురించి అడిగారు, కాళ్ల గురించి అడగలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పడేది ఆగేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు. బండి కాస్త ఒరగ్గానే కాలు నేలకు ఆనిందా, నిలబడ్డారు. ఆనలేదా, బండితో పాటు పడుకున్నారు. అందుకే మొదటి బండికి నేను ముందు చూసేది సీటు ఎత్తు. స్ప్లెండర్ ప్లస్‌ది 785 మిల్లీమీటర్లు. హోండా షైన్ 100దీ దాదాపు అంతే, 786. హెచ్‌ఎఫ్ డీలక్స్‌ది 805. రెండు సెంటీమీటర్లకేముందిలే అనుకోవద్దు. మీ ఎత్తు మనిషికి మడమ ఆనడానికీ, మునివేళ్ల మీద నిలబడడానికీ ఆ రెండు సెంటీమీటర్లే తేడా. ఆ తర్వాత బరువు చూడాలి. స్ప్లెండర్ 112 కిలోలు, షైన్ 100 అయితే 99. ఇక మీ బావమరిది చెప్పే 150లు 140కి కాస్త అటూ ఇటూ ఉంటాయి. కొట్లో నిలబెట్టిన బండిని స్టాండు తీసి, ఇంజన్ ఆపి, పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. నెట్టలేని బండి నడపనూ లేరు. దానికి లైసెన్సు అక్కర్లేదు, కొట్టువాడి ముందు సిగ్గుపడే పనీ లేదు.

మైలేజీ గురించి మీరు అడగలేదు, సంతోషం. అయినా లెక్కల మనిషి కాబట్టి చెప్తా. మీరు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు. లీటరుకు 60 ఇచ్చే బండికి 16.7 లీటర్లు, 70 ఇచ్చేదానికి 14.3. తేడా రెండున్నర లీటర్లు కూడా లేదు. దాని కోసం కాళ్లందని బండి కొంటారా?

స్కూటర్ ఊళ్లోకి బంగారం. మీ దారికి మాత్రం ఆలోచించుకోవాలి. యాక్టివాకు ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. స్ప్లెండర్‌కు రెండూ 18. చక్రం ఎంత చిన్నదైతే గుంటలో అంత లోతుకు దిగుతుంది. చీకట్లో మీ కిలోమీటరున్నర మట్టిరోడ్డు మీద ఆ తేడా నడుముకు తెలుస్తుంది. క్లచ్ అంటేనే భయమైతే టీవీఎస్ ఎక్సెల్ 100 ఉంది. గేర్లు లేవు, చక్రాలు 16 అంగుళాలు. నేతగాళ్లూ పాలవాళ్లూ వాడే బండని చిన్నచూపు చూడొద్దు. కాకపోతే లారీల మధ్య అది కాస్త మెల్లగా పోతుంది.

లైసెన్సు మాత్రం గేర్ల బండి మీదే తీసుకోండి. దాంతో స్కూటర్ కూడా నడపొచ్చు. స్కూటర్ మీద టెస్టు ఇస్తే గేర్ల బండికి మళ్లీ పోవాలి. ముందు ఇచ్చే ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాకే అసలు టెస్టు.

కొత్తదా పాతదా అంటే, నా ఓటు పాతదానికే. మీరు పడతారు, అందులో అనుమానం లేదు. కొత్త బండి పడితే మనసు విరుగుతుంది, పాత బండి పడితే లెగ్‌గార్డు వంగుతుంది. 2019 ఏప్రిల్ తర్వాతిది చూసుకోండి. అప్పటినుంచి 125 సీసీ లోపు బళ్లకు కాంబీ బ్రేకు తప్పనిసరైంది. వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పట్టుకుంటుంది. కొత్తవాళ్లు కంగారులో కాలి బ్రేకే తొక్కుతారు, అందుకని. చూడ్డానికి పోయేటప్పుడు చెప్పకుండా పొద్దున్నే పోండి. ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు లేవదని అనుమానించాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ ఉంటే, అప్పు తీరిందని బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. బండి మీ పేరుకు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు ఆ రోజే పెట్టించుకోండి. చలాన్లు పెండింగ్ ఉన్నాయేమో కూడా చూసుకోండి. చైన్ సెట్టు, బ్రేకు షూలు, ఆయిలు, వీటికని ఒక ఐదు వేలు పక్కన పెట్టుకోండి.

మినీ బైపాస్ అక్క

నేను నెల్లూరులో 39 ఏళ్లకు నేర్చుకున్నాను, స్కూటరే. స్పానర్ అన్న చెప్పనిది ఒకటుంది. ఎవరు నేర్పుతున్నారన్నది బండికంటే ముఖ్యం. మొదట మా ఆయన నేర్పాడు. వెనక కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని అరుస్తుంటే నా చెయ్యి యాక్సిలరేటర్ మీదే బిగుసుకుపోయేది. నాలుగు రోజులకు ఇంట్లో మాటలు ఆగిపోయాయి. పక్కింటి డిగ్రీ అమ్మాయి నేర్పితే మూడు వారాల్లో వచ్చేసింది. ఆ పిల్ల వెనక ఎక్కలేదు. దూరంగా నిలబడి "అక్కా, చక్రం వైపు కాదు, నా వైపు చూడు" అనేది, అంతే. మీ బావమరిది చేత మాత్రం నేర్పించుకోవద్దు, మిమ్మల్ని దణ్ణం పెట్టి అడుగుతున్నాను.

ఇంకోటి. వచ్చేసింది కదా అని వెంటనే వానలో దిగొద్దు. నేను మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లలోకి పోనిచ్చి మధ్యలో ఆగిపోయాను. చీర మోకాళ్ల దాకా తడిసింది. నలుగురు కుర్రాళ్లు నెట్టి ఒడ్డున పడేశారు.

బ్లాకు లోడు

నేను ఆ రోడ్డు మీదే లారీ నడుపుతా. మిమ్మల్ని ఎక్కించుకుంది నేను కాదు గానీ చెప్పేది వినండి సార్. నా ఎడమ పక్కన దూరొద్దు. నా అద్దంలో మీరు కనిపించకపోతే నా లెక్కలో మీరు లేనట్టే. వెనక కూడా దగ్గరగా రావద్దు, లోడు బండి ముందు ఏముందో మీకు కనపడదు. దాటాలనుకుంటే హారన్ కొట్టి, ఎదర ఖాళీ చూసుకుని, కుడి పక్కనే దాటండి. లేదంటే ఒక టీ తాగి నిదానంగా రండి. ఫ్యాక్టరీల దగ్గర రోడ్డు మీద తెల్ల బురద ఉంటుంది, రాతిపొడి నీళ్లు. ఎండితే దుమ్ము, తడిస్తే సబ్బు. దాని మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారో, ఇక అంతే. నల్ల అద్దం హెల్మెట్ కొనొద్దు, రాత్రిపూట ఏమీ కనపడదు.

గ్రానైట్ గుమస్తా

రెండున్నర నెలలయింది, ఏమైందో చెప్పడం మర్యాద.

మా స్టోర్ కీపర్ వాళ్ల నాన్న కంటి ఆపరేషన్ తర్వాత బండి మానేశారు. 2021 స్ప్లెండర్ ప్లస్, ఒక్కరే వాడింది. 48 వేలకు ఇచ్చారు. పొద్దున ఆరింటికే పోయి ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. ఆయన "ఏం బాబూ, జ్వరం చూస్తున్నావా?" అన్నారు. రెండు కాళ్లూ ఆనాయి. చైన్ సెట్టుకూ బ్రేకులకూ 3,200, ఐఎస్‌ఐ హెల్మెట్‌కు 1,450. చీటీ పాడలేదు.

నేర్పింది మా స్టోర్ కీపరే. పీవీఆర్ గ్రౌండ్‌లో పొద్దున ఐదింటికి. వారం రోజులు హాఫ్ క్లచ్ ఒక్కటే. యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు, క్లచ్ మెల్లగా వదులుతూ నడక వేగంతో గ్రౌండంతా తిరగడమే. వాకింగ్‌కొచ్చే పెద్దాయనలు నన్ను దాటి పోయేవాళ్లు. రెండుసార్లు పడ్డాను. రెండుసార్లూ ఆగేటప్పుడే, స్పానర్ అన్న నోటి వాక్కు. రెండోసారి లెగ్‌గార్డు కూడా వంగింది.

ఎనిమిది ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిప్పమన్నారు టెస్టులో. మొదటిసారి పెట్టాను. రెండోసారి పెట్టలేదు. లైసెన్సు వచ్చాక మొదటి ఆదివారం పెర్నమిట్ట దాకా పోయి తిరిగొచ్చేశాను. మరుసటి ఆదివారం సంతనూతలపాడు. మూడో ఆదివారం ఫ్యాక్టరీ గేటు దాకా పోయాను. సెలవు రోజున ఎందుకొచ్చావని వాచ్‌మన్ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. వానరోజు ఇప్పటికీ బస్సే. బావమరిది ఒకసారి నా వెనక ఎక్కి, పెర్నమిట్ట రాకముందే "బావా, కాస్త స్పీడు పెంచు" అన్నాడు. దింపేశాను.

నిన్న 20వ తేదీ. ఎనిమిదిన్నరకు గేటు దాటాను. మట్టిరోడ్డు చివర, నేను ఆ రోజు నిలబడ్డ చోటే, మా ప్యాకింగ్ సెక్షన్ కుర్రాడు ఆటో కోసం చూస్తున్నాడు. వాడికి హెల్మెట్ లేదు, వెనక మనిషిని ఎక్కించుకునే ధైర్యం నాకింకా లేదు. ఎక్కించుకోలేదు. ఆటో వచ్చేదాకా బండి పక్కన ఆపి వాడితో పాటు నిలబడ్డాను.

స్పానర్ అన్నా, చైన్ కిర్రుమంటోంది, మూడో గేర్లో ఎక్కువ. వేసి రెండు నెలలే అయింది. మీ షెడ్డుకే తెద్దామంటే కావలి దాకా హైవే ఎక్కే దమ్ము లేదు.

కావలి స్పానర్

రాతిపొడి. మీ రోడ్డు మీద నెలకొకసారి సరిపోదు, పదిహేను రోజులకొకసారి చూసుకోవాలి. కిరోసిన్ తడిపిన గుడ్డతో చైన్ శుభ్రంగా తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ లోపలి వైపు పట్టించండి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ. ఇంజన్ ఆపి ఉండాలి, వేళ్లు జాగ్రత్త. రాత్రి పూట వేస్తే పొద్దునకు లోపలికి దిగుతుంది. కారిన ఆయిల్ టైరు మీద పడకుండా కింద పేపర్ అడ్డం పెట్టండి. చైన్ మధ్యలో వేలితో పైకి నొక్కితే రెండు, మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. అంతకు మించితే పక్క షెడ్డులో బిగించుకోండి, దానికి కావలి దాకా రానక్కర్లేదు.