ఆర్మండ్ డ్యూక్ జేమ్స్ బట్లర్: ఇంటిల్లిపాదీ కాథలిక్కులు, ఈయనొక్కడే ప్రొటెస్టెంట్ ఎలా?

ఏటిగట్టు (ప్రశ్న):
17వ శతాబ్దపు ఐర్లండ్ చరిత్రలో ఏ మలుపు చూసినా జేమ్స్ బట్లర్ (1610–1688) కనిపిస్తాడు. కిల్కెన్నీ కోట వారసుడు, 12వ ఆర్మండ్ ఎర్ల్, తర్వాత మొదటి డ్యూక్ (రెండూ ప్రభువుల బిరుదులే, డ్యూక్ ఎర్ల్ కన్నా పెద్దది). తాత వాల్టర్, తల్లి ఎలిజబెత్ పాయింట్జ్, తమ్ముడు రిచర్డ్, అక్కచెల్లెళ్ళు అందరూ కాథలిక్కులే. ఈయనొక్కడే ప్రొటెస్టెంట్ ఎలా అయ్యాడు? తాత చేయి జారిన ఆస్తి మనవడికి ఎలా తిరిగొచ్చింది? వంశవృక్షం గీద్దామంటే ఆసరీ, ఆరన్, డెస్మండ్ బిరుదుల దగ్గర అంతా కలగాపులగమవుతోంది. తెలిసినవారు విడదీసి చెప్పగలరు.

దస్త్రాలగది:
మొదటి రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే, 1614. ఆ ఏడు పదో ఎర్ల్ థామస్, జనం ‘బ్లాక్ టామ్’ అని పిలిచినాయన, మగ సంతానం లేకుండా చనిపోయాడు. బిరుదు మగవారసుడికే చెందాలి కనుక తమ్ముడి కొడుకు వాల్టర్ ఎర్ల్ అయ్యాడు. భూములు మాత్రం కూతురు ఎలిజబెత్‌వేనని ఆమె భర్త రిచర్డ్ ప్రెస్టన్ పట్టుబట్టాడు. ఆయన ఇంగ్లండ్ రాజు ఒకటో జేమ్స్‌కు ప్రీతిపాత్రుడైన స్కాట్లండ్ దొర. రాజు తానే మధ్యవర్తిగా కూర్చుని 1618లో ఎస్టేటులో పెద్ద భాగాన్ని ప్రెస్టన్‌కు కట్టబెట్టాడు. వాల్టర్ ఒప్పుకోలేదు. 1619 నుంచి 1625 దాకా లండన్ ఫ్లీట్ జైల్లో ఉన్నాడు. తలవంచి ఉంటే ఎంతో కొంత మిగిలేది, ఆయన వంచలేదు. టిప్పరరీ కౌంటీలో ఆ కుటుంబానికి తరతరాలుగా ఉన్న సొంత న్యాయాధికారాన్ని కూడా రాజు లాగేసుకున్నాడు.

1619 డిసెంబరులో వాల్టర్ కొడుకు, అంటే మన జేమ్స్ తండ్రి, థామస్ ఇంగ్లండ్ వెళుతూ, వేల్స్ తీరంలోని ఆంగల్సీ దగ్గర స్కెర్రీస్ రాళ్ళకు ఓడ తగిలి, మునిగి చనిపోయాడు. ఈయన ఎర్ల్ కాకుండానే పోయాడు. అందుకే జాబితాలో 11 వాల్టర్, 12 జేమ్స్. తండ్రి స్థానంలో అంకె వెతక్కండి.

తండ్రి పోయేనాటికి జేమ్స్‌కు తొమ్మిదేళ్ళు. మొదట లండన్ దగ్గర ఫించ్‌లీలో ఒక కాథలిక్ గురువు దగ్గర చదివాడు. 1623లో రాజు అతన్ని తన వార్డ్‌గా, అంటే తన సంరక్షణలోని మైనరుగా, తీసుకుని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జార్జ్ ఆబట్ ఇంట్లో పెట్టించాడు. మతం మారింది అక్కడే. ఇందులో యాదృచ్ఛికం ఏమీ లేదు. పెద్ద కాథలిక్ వంశాలను ప్రొటెస్టెంట్ దారికి మళ్ళించడానికి మైనరు వారసుడి పెంపకం చేతిలోకి తీసుకోవడమే రాజ్యానికి అందుబాటులో ఉన్న సులువైన మార్గం.

సాధారణంగా అది ఇలా నడిచేది. రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు చనిపోతే ఎస్చీటర్ అనే అధికారి జ్యూరీని కూర్చోబెట్టి విచారణ జరిపేవాడు: ఏ భూములు, ఏ షరతుమీద ఉన్నాయి, వారసుడెవరు, వయసెంత. మగపిల్లవాడికి 21 నిండకపోతే మూడు హక్కులు రాజు చేతికి వచ్చేవి: పిల్లవాడి పెంపకం, భూమి ఆదాయం, పెళ్ళి కుదిర్చే హక్కు. వీటిని వేర్వేరుగా వేర్వేరు మనుషులకు అమ్మొచ్చు. మేజరయ్యాక రుసుము కట్టి భూమి విడిపించుకోవాలి. ఐర్లండ్‌లో ఆ సమయానికి చర్చికి రాజే అధిపతి అని ప్రమాణం చెయ్యమనేవారు. కాథలిక్కులు చిక్కుపడింది అక్కడే. ఈ వ్యవహారాలు చూసే వార్డ్స్ కోర్టు ఐర్లండ్‌కు విడిగా 1622లో వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో మైనరు జమీందార్ల ఎస్టేట్లు చూసిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌కు ఈ పేరే పెట్టారు. కానీ మన దగ్గర అది ఎస్టేటు నిర్వహించి తిరిగి అప్పగించే సంస్థ. ఇక్కడ సంరక్షణ హక్కే కొనుగోలు సరుకు.

పాతపుటలు:
ఆస్తి తిరిగొచ్చింది పెళ్ళితో. ప్రెస్టన్ దంపతులకు ఒక్కతే కూతురు, పేరు ఎలిజబెత్ ప్రెస్టన్, పుట్టింది 1615లో. ఆ పిల్లను తన బంధువుల అబ్బాయి జార్జ్ ఫీల్డింగ్‌కు చేయించాలని బకింగ్‌హామ్ డ్యూక్ చూశాడు. 1628 ఆగస్టులో బకింగ్‌హామ్ హత్యకు గురయ్యాడు. అక్టోబరులో ప్రెస్టన్ సముద్రంలో మునిగిపోయాడు. ఆమె తల్లి కూడా ఆ ఏడే పోయింది. పిల్ల హాలండ్ ఎర్ల్ సంరక్షణలోకి వెళ్ళింది. జేమ్స్ వైపువారు ఆయనకు పెద్ద మొత్తం ముట్టజెప్పి, చార్లెస్ రాజు అనుమతి తెచ్చుకుని, 1629 క్రిస్మస్‌కు పెళ్ళి జరిపించారు. వరుడికి 19, వధువుకు 14. మన వరసల్లో లెక్కిస్తే ఆమె అతని తండ్రికి మరదలు వరస, అతనికి పిన్ని అవుతుంది. మన పెద్దలు కలుపుకోని సంబంధం. బిరుదూ భూమీ ఒక ఇంట చేరడానికి వాళ్ళకు మాత్రం ఇంతకన్నా దగ్గరి దారి లేదు. 1633లో వాల్టర్ మరణంతో జేమ్స్ ఎర్ల్ అయ్యాడు.

డెస్మండ్ చిక్కు కూడా ఇక్కడిదే. ఫిట్జ్‌జెరాల్డుల పాత డెస్మండ్ బిరుదును 1619లో ప్రెస్టన్‌కు కొత్తగా ఇచ్చారు. అతని తర్వాత ఫీల్డింగ్‌కు చెందేట్టు ముందే రాసుకున్నారు. పెళ్ళి తప్పిపోయినా బిరుదు ఫీల్డింగ్‌కే పోయింది. కాబట్టి 1628 తర్వాత ‘డెస్మండ్’ కనిపిస్తే అతనికీ బట్లర్లకూ రక్తసంబంధం వెయ్యకండి.

మూడోతరం:
పెద్దవాళ్ళైన పిల్లలు అయిదుగురు. పెద్దకొడుకు థామస్ (1634–1680), ఆసరీ ఎర్ల్. నాసా వంశపు ఎమీలియాను పెళ్ళాడాడు, తండ్రి బతికుండగానే జ్వరంతో పోయాడు. రెండోవాడు రిచర్డ్, ఆరన్ ఎర్ల్, మరణం 1686. మూడోవాడు జాన్, గౌరన్ ఎర్ల్, పిల్లల్లేరు. కూతురు ఎలిజబెత్ చెస్టర్‌ఫీల్డ్ ఎర్ల్ భార్య. ఇంకో కూతురు మేరీ, భర్త విలియం కావెండిష్ తర్వాత మొదటి డెవన్‌షైర్ డ్యూక్ అయ్యాడు.

పొరబడే చోట్లు: ఆరన్ ఎర్ల్ రిచర్డ్ వేరు, ఆసరీ చిన్నకొడుకు ఆరన్ ఎర్ల్ చార్లెస్ వేరు, స్కాట్లండ్ ఆరన్ ఇంకా వేరు. పేరు, ఏడాది రెండూ సరిపోలితేనే వృక్షంలో వెయ్యండి. మేరీ బట్లర్లూ ఇద్దరు: ఒకామె డ్యూక్ కూతురు, ఇంకొకామె ఆయన చెల్లెలు, జార్జ్ హామిల్టన్ భార్య. తేదీలతోనూ జాగ్రత్త. అప్పట్లో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1641లో తిరగబడిన ఐర్లండ్ కాథలిక్కుల కూటమి అయిన కాథలిక్ కాన్ఫెడరేషన్‌తో, రాజు తరఫున ఆర్మండ్ చేసుకున్న రెండో ఒడంబడిక కాగితం మీద 1648 జనవరి 17, మన లెక్కలో అది 1649. ఈ ఒక్క సర్దుబాటు మరిస్తే, పదమూడు రోజుల తర్వాత జరిగిన చార్లెస్ రాజు శిరచ్ఛేదం ఏడాది తర్వాత జరిగినట్టు కనిపిస్తుంది.

ఏటిగట్టు:
ధన్యవాదాలండీ. మరి 1641 తిరుగుబాటులో కాథలిక్ బంధువులంతా అవతలి పక్షమేనా?

పాతపుటలు:
చాలామంది అవతలే. కాన్ఫెడరేషన్ రాజధాని ఈయన సొంత ఊరు కిల్కెన్నీయే. దాని సుప్రీం కౌన్సిల్ అధ్యక్షుడు మౌంట్‌గారెట్ వైకౌంట్ కూడా బట్లరే. 1642 ఏప్రిల్‌లో కిల్‌రష్ దగ్గర జేమ్స్ ఓడించింది ఆయన సేననే. 1646 ఒడంబడిక మాట్లాడినవారిలో మస్కెరీ వైకౌంట్ ఈయన చెల్లెలు ఎలెనర్ భర్త. ఈయన్ని వెన్నెముక లేనివాడని తేల్చేసే రాతలు నాకు న్యాయంగా తోచవు. రాజు తరఫున సంధి చెయ్యాల్సిందీ, యుద్ధం చెయ్యాల్సిందీ సొంత బంధువులతోనే అయినప్పుడు ఆ తటపటాయింపు సహజం.

1649 ఆగస్టు 2న రాత్‌మైన్స్‌లో ఇంగ్లండ్ పార్లమెంటు సేన చేతిలో ఓడిపోయి 1650 చివర ప్రవాసం వెళ్ళాక ఇల్లు నిలబెట్టింది భార్య. భూమి ఆమె పుట్టింటి వారసత్వం కనుక భర్త ఆస్తి జప్తయినా ఆమె వాటా అడగగలిగింది. రాజరికం రద్దయ్యాక వచ్చిన క్రాంవెల్ ప్రభుత్వం డన్‌మోర్ ఇల్లూ, ఏటా 2,000 పౌండ్లూ ఇచ్చింది. 1629 పెళ్ళి రెండోసారి అక్కరకొచ్చిందనాలి.

దస్త్రాలగది:
తర్వాతి కథ కూడా వృక్షానికి కావాలి. రాజరికం తిరిగొచ్చాక 1661లో డ్యూక్, 1662లో లార్డ్ లెఫ్టినెంట్ (ఐర్లండ్‌లో రాజప్రతినిధి), టిప్పరరీ అధికారమూ తిరిగి దక్కింది. 1688 జులై 21న డార్సెట్‌లో మరణం, సమాధి వెస్ట్‌మినిస్టర్ ఆబేలో. మనవడు, ఆసరీ కొడుకు, రెండో డ్యూక్ 1715లో రాజద్రోహిగా ప్రకటితుడై 1745లో ఆవిన్యాన్‌లో చనిపోయాడు. ఆ రెండో డ్యూక్ తమ్ముడు, పైన వచ్చిన ఆరన్ ఎర్ల్ చార్లెస్, 1721లో ఎస్టేటు కొనుక్కుని 1758లో పిల్లల్లేకుండా పోవడంతో డ్యూక్ శాఖ ముగిసింది. తర్వాత వారసత్వం కిల్‌కాష్ రిచర్డ్ సంతతికి, అంటే మీరు ప్రశ్నలో రాసిన ఆ కాథలిక్ తమ్ముడి శాఖకు మళ్ళింది. వాళ్ళ ఎర్ల్ బిరుదును 1791లో తిరిగి గుర్తించారు. కాబట్టి వృక్షంలో రిచర్డ్ గీతను పక్కన ఆపేయకుండా కిందికి పొడిగించండి.